నాన్న ఒప్పుకోని చీకటి

మా ఇంట్లో గ్యాస్ కట్టాలంటే ఇద్దరుండాలి. ఒకరు కట్టి “ఆఫ్” అనాలి, రెండోవారు తమ కళ్లతో చూసి మళ్లీ “ఆఫ్” అనాలి. నాన్న టాటానగర్‌లో రైలింజను డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. సిగ్నల్ కనబడగానే డ్రైవరు చెయ్యి చాచి రంగు చెబితే, అసిస్టెంటు తనూ చూసి అదే పలకాలి. ఆ పద్ధతిని అక్కడే బాగ్‌బేరా పేటలోని మా ఇంట్లోకి కూడా తెచ్చిపెట్టాడు మహానుభావుడు. నేను చూడకుండానే పలికేసి తిట్లు తినేదాన్ని.

పెద్దయ్యాక పాలిమర్ల పనిలో పడ్డాను. కరెంటు నడిచే ప్లాస్టిక్ అనుకోండి. ఎలక్ట్రాన్లు ఇచ్చే ముక్క, లాక్కునే ముక్క, ఒకదాని పక్కన ఒకటి పెట్టి గొలుసు కట్టాలి. ఏ ముక్కలు ఎంచుకున్నామన్నదాన్ని బట్టి అది ఏ వెలుతురును పడుతుందో తేలుతుంది. నాది కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్‌ను పట్టే గొలుసు. మొదట కట్టినవి ఎందులోనూ కరక్క ఇటుకపొడిలా అడుగున కూర్చున్నాయి. పక్కలకి పొడవాటి కొమ్మలు తగిలించాక కరిగింది. ఆ రోజంతా సీసా పట్టుకుని మురిసిపోయాను.

దాంతో చేసిన డిటెక్టరే నా కొంప ముంచింది. వెలుతురు పడితే కరెంటు రావాలి, చీకట్లో రాకూడదు. నాది చీకట్లోనూ ఇస్తోంది. శుక్రవారంలోగా అది తగ్గకపోతే ఈ పాలిమర్ వదిలేయమని మా గైడు మేడమ్ చెప్పేశారు. రెండేళ్ల పని. ఏడుపొక్కటే తక్కువ.

ఆ శుక్రవారం మధ్యాహ్నం నాన్న నాకు క్యారేజీ పట్టుకొచ్చి, ల్యాబు కింద గార్డు దగ్గర కాసేపు కూర్చుని పైకొచ్చాడు. కిటికీకి నల్ల కాగితం అంటించి, పైమూల సీసీ కెమెరా ఉన్న గదిలో లైటార్పి ఉన్నాను. మీటరు వెలుగు పడకుండా బల్ల మీద నిలబెట్టిన అట్టకి అవతల డిటెక్టరు, ఇవతల మీటరూ నేనూ. తలుపు మూయించి నా గోడంతా చెప్పుకున్నాను. అయితే చీకటని పలకమన్నాడు. విసుగ్గా పలికాను. ఆయన తిరిగి పలకలేదు.

“నువ్విక్కడ తల పట్టుకుని కూకోడం కింద గార్డు టీవీలో సూసాను. లైటార్పినాక కూడా కనబడ్డావు,” అన్నాడు. “చీకట్లో ఆ కెమెరా నిన్నెలాగ సూత్తాదే?”

“వో తో నైట్ విజన్ హై, నాన్నా,” అది రాత్రిపూట కూడా చూసే కెమెరా అని అలవాటుగా హిందీలో అనేసి, చటుక్కున దాని వైపు తిరిగాను. గది చీకటి కాగానే ఆ కెమెరా తనే ఇన్‌ఫ్రారెడ్ గుమ్మరిస్తుంది. అది మన కంటికి ఆనదు. నా పాలిమర్‌కి ఆనుతుంది. నేను దాన్ని కట్టిందే అందుకు.

స్టూలెక్కి క్యారేజీ సంచీని కెమెరాకి తొడిగాను. మీటరు మీద అంకె సున్నా దగ్గరికి జారిపోయింది. సంచీ తీస్తే ఎక్కింది, తొడిగితే దిగింది. నాకు నవ్వాగలేదు. టీవీ నల్లబడిందని కిందినుంచి గార్డు కేకలేస్తున్నాడు.

నాన్న అవేమీ పట్టించుకోకుండా మీటరు మీదికి వంగి అంకె చూసి, చెయ్యి చాచి, “చీకటి” అన్నాడు.

నేనూ వంగి, నా కళ్లతో చూసి, “చీకటి” అన్నాను.