రెండో డబ్బా

హాకీ మ్యాచ్‌కి వెళ్తుండగా, వెర్రిబీ వెళ్లే లోకల్ రైల్లో నా యూనివర్సిటీ జెర్సీ, దాని మీద నా పేరు చూసి ఎదుటి సీటులోని ఆంటీ తెలుగులోనే పలకరించారు. ఆమె ఒడిలో రెండు ప్లాస్టిక్ డబ్బాలున్నాయి.

“ఇవాళ మీతో ఆడే టీమ్‌లోనే మా అమ్మాయి ఆడేదమ్మా. యూని చదువు అయిపోయి పెర్త్ వెళ్లిపోయింది. నేను మాత్రం ఏటా ఈ మ్యాచ్‌కి ఆరెంజెస్ కోసుకొస్తా. హాఫ్ టైమ్‌లో అందరూ తినాల్సిందే.”

“మా వాళ్లు కూడానా, ఆంటీ?”

“ఓడిపోయేవాళ్లకే కదమ్మా ఎక్కువ కావాలి,” అని నవ్వారు. “వచ్చే ఏడు కూడా మ్యాచ్ ఇక్కడే కదా?”

లీగ్‌లోకి కొత్త యూనివర్సిటీలు చేరుతున్నందున మా రెండు జట్లనూ వేర్వేరు గ్రూపుల్లో వేశారు. ఈ మ్యాచ్ ఇక ఉండదు. ఆ మార్పుకు మా క్లబ్ తరఫున సంతకం చేసింది కార్యదర్శినైన నేనే. మా ఇంట్లో డిగ్రీ చదువుతున్న మొదటిదాన్ని కనుక, అధికారిక పత్రం మీద ఆ సంతకం చేస్తున్నప్పుడు గర్వపడ్డాను కూడా.

దాచకుండా చెప్పాను. ఆమె ఒక డబ్బా నా ఒడిలో పెట్టారు.

“అయితే వచ్చే ఏడు నువ్వు కొయ్యి. గింజలు తీసెయ్, పిల్లలు ఆత్రంగా తింటారు.”

ఇప్పుడు మా మైదానానికి ఏ కొత్త జట్టు వచ్చినా, వాళ్ల కోసం గింజలు తీసిన నారింజ ముక్కలతో రెండో డబ్బా కూడా తీసుకెళ్తున్నాను.