పెనం వదలని వదిన

ఆ హోటల్ వంటింట్లో నాలుగు పొయ్యిల మీద పరిచిన మందపాటి ఇనప పెనం, దాని పక్కన ఊచల గ్రిల్లు, వాటి ముందు పెద్దొదిన. ఈ మూడింటినీ విడివిడిగా చూసినవాళ్లు ఆ వీధిలో లేరు. నిజానికి ఆవిడ హోటల్ యజమాని ఒక్కడికే వదిన, పోయిన అన్నగారి భార్య. కానీ గిన్నెలు తోమే మనిషి నుంచి గ్యాసు బండ మోసే మనిషి దాకా అందరికీ వదినే. అన్నదమ్ములిద్దరూ కలిసి హోటల్ పెట్టిన నాటి నుంచీ మాంసం కాల్చింది ఆవిడ. గల్లాపెట్టె దగ్గర కూర్చుని పేరు తెచ్చుకున్నది మరిది.

పెనం మీద ముక్క వేసి ఊరికే గెలికేవాళ్లంటే ఆవిడకు ఒళ్లుమంట. "అంటుకుంటే అంటుకోనీ. కాలాక అదే వదుల్తుంది. పిల్లలూ అంతే, గెలక్కూడదు," అనేది. పెనం మీద చల్లిన నీటిచుక్క చిందులేసి ఎగిరిపోవాలి, అప్పటిదాకా ముక్క పడటానికి వీల్లేదు. కొవ్వు కారే ముక్కలు గ్రిల్లు మీదికి, పల్చటివి పెనం మీదికి. ఈ కట్టుబాటు ఎవరికోసమూ మారదు, మరిదికోసం అసలే మారదు.

పోయిన వానాకాలం ఆవిడకు పాడు జ్వరం వచ్చింది. చావు తప్పి కన్ను లొట్టపోయినట్టు ప్రాణం దక్కింది గానీ, జ్వరం పోతూ పోతూ వాసననీ రుచినీ వెంటబెట్టుకుపోయింది. వాటంతటవే వస్తాయిలే అనుకుని, తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని పనిలోకి దిగింది. అవి రాలేదు. ఒకరోజు చెడిపోయిన మాంసం పెనం మీద పరిచి దర్జాగా నిలబడింది. వడ్డించే మనిషి ముక్కు మూసుకుని పరుగెత్తుకొచ్చి పొయ్యి ఆపాడు. పళ్లెంలోకి ఎక్కలేదు కాబట్టి సరిపోయింది గానీ గుట్టు రట్టయింది. పెద్దొదిన సిగ్గుతో కుంచించుకుపోయింది. తప్పు తనదేనని అందరి ముందూ ఒప్పుకుంది.

ఆ సాయంత్రమే మరిది వంటింట్లోకి వచ్చాడు.

"వదినా, ఇక పొయ్యి దగ్గర నిలబడకు. కూర్చుని ఉల్లిపాయలు తరుగు. సుఖంగా ఉంటావు."

"పోయింది ముక్కు నాయనా, కళ్లు కాదు. ఉల్లిపాయలకి నేనెందుకు ఏడవాలి?"

"కొత్త మనిషికి మాటిచ్చేశాను. రేపొస్తాడు."

మాటిచ్చేశాడట. ఆవిడతో ఒక్క ముక్క చెప్పకుండానే. మెత్తనివాళ్లని చూస్తే మొత్తబుద్ధి అంటారు. పెద్దొదిన మెత్తనిది కాదన్న సంగతి అతను ఎలా మరిచాడో మరి.

మర్నాడు కొత్త మనిషి వచ్చేసరికి ఆవిడ ఏప్రన్ బిగించి పెనం ముందు ఉంది. మాంసం గిన్నె రాగానే వడ్డించే మనిషిని పిలిచి వాసన చూడమంది. బాగుందని అతను చెప్పాకే ముక్కలు పరిచింది. ముందు చుయ్యిమని గోల చేశాయి. నీరు ఇంకి గోల తగ్గి చిటపటలు మొదలయ్యాక అట్లకాడతో తిరగేసింది. దానికి ముక్కుతో పనిలేదు.

మరిది గల్లాపెట్టె వదిలి వచ్చాడు. "అది సరే, ఉప్పు సంగతో? రుచి చూడలేవుగా?"

"నా వేళ్లకి తెలుసు."

అతను పళ్లెంలోంచి ఒక ముక్క తీసుకుని నమిలాడు. మొహం చిట్లించాడు. "ఉప్పు కషాయం!"

 పెద్దొదిన తనూ ఒక ముక్క నోట్లో వేసుకుంది. ఉప్పూ లేదు, కారమూ లేదు, రబ్బరు నమిలినట్టుంది. అతను చెప్పింది నిజమేనేమో, తన పని అయిపోయిందేమో. వేళ్లు కూడా మోసం చేశాయనుకుంది. అట్లకాడ కింద పెట్టబోతూ తలెత్తి చూసింది. మరిది రెండో ముక్క మింగి, మూడోదాని మీద చెయ్యి వేస్తున్నాడు.

"ఉప్పు కషాయమైతే మంచినీళ్లు అడగాలి కదయ్యా. మూడో ముక్క ఎందుకు?"

వంటిల్లు గొల్లుమంది. గుమ్మంలో నిలబడ్డ కొత్త మనిషి కూడా నవ్వాపుకోలేకపోయాడు. మరిది చెయ్యి పళ్లెం మీదే ఆగిపోయింది.

పెద్దొదిన మాత్రం నవ్వలేదు. "వాసన పోయినందుకు ఏడ్చాను. ఒక్కదాన్నే ఏడ్చాను, ఎవరికీ చెప్పలేదు. కానీ నాకు తెలియదు కదా అని నువ్వు అబద్ధమాడావే, దానికి ఏడవను. నేనిక్కణ్ణించి కదలను. రేపట్నుంచి మాంసం రాగానే నువ్వే వచ్చి వాసన చూడు. నువ్వు బాగుందంటేనే పెనం మీద వేస్తాను. ఇప్పుడా మూడో ముక్క కూడా తిను. తిని, ఉప్పెలా ఉందో అందరికీ వినబడేలా చెప్పు."

అతను తిన్నాడు. చాలాసేపు నమిలాడు.

"సరిపోయింది వదినా," అన్నాడు తలెత్తకుండా.