పట్టీ ఏ కంటికి

మొన్న పోర్ట్‌బ్లెయిర్‌లో కళ్ళజోళ్ళ కొట్టుకు వెళ్ళినప్పుడు మా చెల్లి, "ఎడమవైపు ఏ గ్లాసైనా చలేగా భయ్యా, ఆ కన్ను షో కోసమే" అంది. కొట్టతను నవ్వాడు, తనూ నవ్వింది. లంబాలైన్‌లో మా ఇల్లు చేరేదాకా నేను మాత్రం పాత సంగతులే తలుచుకున్నాను.

సునామీ వచ్చేనాటికి మన ఈడు వాళ్ళమంతా చిన్న తరగతుల్లో ఉన్నాం. చెల్లికి అప్పుడు రెండేళ్ళు. పుట్టుకతోనే దాని ఎడమకంట్లో నీటి ఒత్తిడి ఎక్కువ, గ్లాకోమా అంటారు; పసికన్ను మెత్తనిది కనుక ఆ ఒత్తిడికి సాగి పెద్దదవుతుంది, సంగతి తెలియనివాళ్ళు చారెడు కన్నని ముద్దుచేసేవారు. సునామీకి ముందే విశాఖపట్నంలో ఆపరేషన్ చేయించారు. నేను చదివింది యంత్రాల చదువు గనుక ఇప్పుడు వరసగా చెప్పుకోగలను: ఒత్తిడి తగ్గడం ఒకటి, కన్ను అతిగా పెరగకపోవడం రెండు, చూపు రావడం మూడు. మొదటి రెండూ ఆపరేషన్‌తో కుదిరాయి. మూడోది ఇంట్లో చెయ్యాల్సిన పని. బాగున్న కుడికంటిని రోజూ కాసేపు పట్టీతో మూసేస్తే, వేరే దారిలేక ఎడమకన్ను చూడటం నేర్చుకుంటుంది. అమ్మ పట్టీ వేసినప్పుడల్లా చెల్లి గోడలు తడుముకుంటూ గుక్కపట్టి ఏడ్చేది.

సునామీ వచ్చిన ఆదివారం పొద్దున భూకంపానికి చౌల్దారీలో అప్పటి మా ఇంటి గోడ కూలి అమ్మ తొడ ఎముక విరిగింది, ఆ వెనకే ఉప్పునీరు పొలాలను ముంచింది. నాన్న అమ్మను ఓడలో చెన్నై తీసుకెళ్ళాడు, మేమిద్దరం ఆస్టినాబాద్‌లో నాన్నమ్మ దగ్గరికి చేరాం. స్ట్రెచర్ మీంచి అమ్మ చెప్పింది ఒక్కటే, పిల్ల కంటికి పట్టీ మానొద్దని. కోసిన కంటికే కదా ఎవరైనా కట్టు కట్టేది. నాన్నమ్మ ఎడమకంటికి వేసింది. చెల్లి హాయిగా ఆడుకుంది, కడుపునిండా తింది. "సూడ్రా, మీయమ్మ కాడ ఏడిసీది, నా కాడ కిక్కురుమందా?" అని నాన్నమ్మ మురిసిపోయేది. ఫోన్లు బాగయ్యాక అమ్మ కూడా పట్టీ వేస్తున్నారా, ఏడుస్తోందా అని అడిగి, ఏడవడం లేదని విని ఎంతో సంతోషపడింది.

వానలు మొదలయ్యాక చంకకర్రలతో గడప దాటిన అమ్మ, పిల్ల మొహం చూసి నిలబడిపోయింది. "ఎందుకేడవట్లేదని ఒక్కరోజైనా అనిపించలేదా అత్తయ్యా మీకు?" అంది. తర్వాత విశాఖపట్నంలో చూపిస్తే కన్ను ఎదుగుదల బాగుందన్నారు, ఒత్తిడి బాగుందన్నారు, చూపు మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దన్నారు. అయినా అమ్మ ఏళ్ళ తరబడి కుడికంటికి పట్టీ వేసింది. చెల్లి పీకేయకుండా చేతులు పట్టుకునే పని నాన్నమ్మకే అప్పగించింది, ఇంకెవర్నీ ముట్టుకోనిచ్చేది కాదు. "గట్టిగా పట్టుకోండి. ఇప్పుడేడుస్తోంది కదా, వినండి" అనేది.

ఇప్పుడైతే ఫోన్లో మొహం చూపిస్తే పట్టీ ఏ కంటికుందో క్షణంలో తెలిసిపోతుంది. ఆ రోజుల్లో సముద్రం దాటి మాట ఒక్కటే వెళ్ళేది. ఏడవడం లేదన్న ఆ మాట విని అమ్మ కూడా సంతోషించిందని నాన్నమ్మ పోయేదాకా ఒక్కసారీ ఎత్తిచూపలేదు. అలా నోరు మూసుకుని మాట పడగలిగిన మనుషులు మా ఇంట్లో ఇప్పుడెవరూ లేరు.