కాహెర్‌డూన్ కోట పెంటతూము

అట్రాక్టా హెషన్ కాహెర్‌డూన్ కోటలో బాత్‌రూములు కడిగేది. హెషన్ల ఇంటికి అది కొత్త పని కాదు. పూర్వం దొరలు పై అంతస్తులో కూర్చుని గోడలోని తూములోకి వదిలితే, అడుగున పోగైనదాన్ని హెషన్లు పారలతో ఎత్తి పొలాలకు మోసేవారు. ఆ ఘాటుకి ఉన్ని కొరికే చిమ్మటలు చేరవని దొరలు తమ బట్టలు తూము పక్కనే వేలాడదీసేవారట.

"కంపు చొక్కాలు తొడుక్కుని మామీద పెత్తనం చేశారు," అనేది అట్రాక్టా, ముక్కు చిట్లించి.

తర్వాత సైనికులొచ్చి పైకప్పు తగలబెట్టారు. దొరలు పోయారు. అట్రాక్టా తాత కోటలో ఆవుల్ని కట్టేశాడు. తండ్రి ఆ ఎత్తు గోడకి చేతులు వాచేలా బంతి కొట్టి ఆడాడు. భర్త పోయాక ఆమె కోట కింద బంగాళాదుంపలు పండించుకుంటూ, ఊటబావి నీళ్లు తాగుతూ ఒంటరిగా బతికింది. పక్కింట్లో దిగిన మాకూ అదే బావి.

మూడేళ్ల కిందట డెక్లన్ స్కాహిల్ కోట కొని, బాగుచేయించి, పెళ్లిళ్లకి అద్దెకివ్వడం మొదలుపెట్టాడు. అట్రాక్టాకి పనిచ్చాడు.

ఈ వేసవిలో మా పాపకి విరేచనాలు పట్టుకున్నాయి. బావినీళ్లు పరీక్షిస్తే మలంలో ఉండే సూక్ష్మజీవులు కనిపించాయి.

"ఆవులవై ఉంటాయి," అన్నాడు డెక్లన్.

మాది సున్నపురాయి నేల, లోపలంతా పగుళ్లే. ఎక్కడ పోసింది ఎక్కడ తేలుతుందో పైనుంచి తెలియదు. నీటి జాడ తీసే పచ్చరంగు పొడి తెచ్చి అట్రాక్టా ముందు పెట్టాను.

"ఇది కోట బాత్‌రూమ్‌లో వేసి నీళ్లు వదలాలి."

"వేస్తే నా పని ఊడుతుందే అమ్మాయీ."

"తెలుసు."

ఆమె నా చంకలో వడలిపోయిన పాపని చూసింది. "సరే, ఇటు తగలెయ్యి."

మర్నాటికి బావి చిలకపచ్చగా మారింది. అట్రాక్టా ఒడ్డున వంగి చూసి, అక్కడే గడ్డిలో వాంతి చేసుకుంది.

కోట బాగుచేయించినప్పుడు డెక్లన్ బాత్‌రూములకి కొత్త గుంట తవ్వించలేదని తేలింది. గొట్టాన్ని పాత తూములోకే కలిపి, అడుగున రాళ్లు కప్పి గులాబీలు నాటించాడు. అవి ఎందుకంత విరగబూశాయో అప్పుడు అర్థమైంది. పెళ్లికూతుళ్లు వాటి పక్కనే ఫొటోలు దిగేవారు.

"పాత కట్టడం కదా, తవ్వనివ్వరు," అన్నాడు డెక్లన్. "అయినా వందల ఏళ్లు పనిచేసిన తూమేగా!"

"మావాళ్లు ఎత్తబట్టి పనిచేసిందిరా! నువ్వు ఏనాడన్నా పార పట్టావా?"

"శనివారం పెళ్లి కానివ్వు, మాట్లాడుకుందాం."

"అంటే వాళ్లది కూడా తాగమంటావా?"

శుక్రవారం ఆమె ఎప్పటిలాగే బాత్‌రూములు కడిగింది. తర్వాత గులాబీలు పెరికేసి, రాళ్లు లాగి, గొర్రెబొచ్చు, సున్నం కలిపి తూములో భుజం దాకా చేయిపెట్టి కుక్కింది. నేను దీపం పట్టుకున్నాను. ఇద్దరం ఊపిరి బిగబట్టాం.

పెళ్లిరోజు విందు మధ్యలో అంతా పైకి తన్నింది. డెక్లన్ తడిసిన సూటుతో అట్రాక్టా ఇంటికి పరిగెత్తుకొచ్చాడు.

"ఏం చేశావే ముసలిదానా! మెట్లమీదుగా హాల్లోకి కారుతోంది!"

"అక్కడే నిలబడు. గడప తొక్కావంటే చూడు."

అతిథులంతా చూశాక ఇక దాచడం కుదరలేదు. ఊరి పాలన చూసే కౌన్సిల్ వాళ్లు కోటకి తాళం వేశారు. అట్రాక్టా పని పోయింది. పాప కోలుకుంది.

బావి ఇంకా శుభ్రపడలేదు. చర్చి దగ్గర కుళాయి నుంచి నీళ్లు మోసుకొస్తున్నాం. అవి మంచివేనని పరీక్షించి చూపించినా, అట్రాక్టా గ్లాసు వాసన చూడందే తాగదు. ఒక్కోసారి వాసన చూసి పారబోస్తుంది.