ఫొటో తీసేటాయన, చదివేటామె

గొర్రెలకు తుమ్మ మండలు కొడుతూ మా బాపు చెట్టు మీద నుంచి పడ్డాడు. ముందు గొడ్డలి దిగింది, వెనకే ఆయన దిగాడు. తుంటి పట్టుకుని కుంటుతుంటే దేవరకొండలో ఒక చిన్న ప్రైవేటు దవాఖానకు తీసుకుపోయాను.

ఎక్స్‌రే తీసినాయన తెల్లకోటులో ఉన్నాడు. తెల్లకోటు కనబడితే మాకు డాక్టరే. ఊడ్చేవాడికి తొడిగినా నాలుక చాపి చూపిస్తాం.

"ఇరిగిందా సారూ?" అని అడిగాను.

"నేను తీసుడు వరకే. సూసి చెప్పే డాక్టరు మంగళారం వస్తడు."

బాపు నవ్వాడు. "గొర్రెను కోసినోనికి కార్జం ఏడుందో తెల్వదా? జర చెప్పు సారూ, అందాక మందను ఎవలు కాస్తరు?"

నేనూ బతిమిలాడాను. మా చెల్లె కడుపుతో ఉన్నప్పుడు స్కానింగు డాక్టరమ్మ తనే తీసి తనే చెప్పింది మరి! ఆయన ఫిల్మును లైటుకెత్తి, మా వెనక వరుసను చూసి, "ఏం ఇరగలే తాతా, పో" అన్నాడు.

ఇక మంగళవారం ఎందుకు పోతాం? పది రోజులు బాపు మంద వెంట గుట్టలెక్కాడు. పదకొండో రోజు కూలబడ్డాడు.

నల్గొండలో ఒక పెద్ద దవాఖాన. అక్కడ ఫొటోలు చదివే డాక్టరమ్మ పాత ఫిల్ములో వెంట్రుకంత గీత చూపించింది. కొత్తదాంట్లో ఎముక పక్కకు జరిగిపోయింది.

"దీన్ని ఎవరు చదివిన్రు?"

"తీసినాయనే, అమ్మా."

"తీసుడు ఆయన పని. చదువుడు మా పని."

నాకు ఒళ్ళు మండింది. చెప్పులు బయట విడువమని ఆ దేవరకొండ గోడ మీద మూడు చోట్ల రాశారు. ఇరిగిందో లేదో ఎవరిని అడగాలో ఒక్కచోట రాస్తే సున్నం రాలుతుందా? తెలియదని తెలిసీ నోరు జారిన ఆయనను అనాలా, జారేదాకా వదలని నన్ను అనాలా?

"మల్ల గొర్ల ఎంబడి పోతనా బిడ్డా?" అని బాపు ఆమెను అడిగాడు.

"అది ఎముకల డాక్టరు చెప్తడు పెద్దాయనా."

మూడో మనిషి! ఆయన సూటిగానే చెప్పాడు. "అప్పుడే వస్తే స్క్రూలతో పోయేది. ఇప్పుడు కీలు మార్చాలె. ఇంట్ల తిరుగుతవు. గుట్టలు బందు."

ఆపరేషనైన నెలకు మందను అమ్మేశాం. తోలుకుపోతుంటే బాపు వాకిట్లో కుర్చీలోంచి ఎప్పటిలాగే కూత పెట్టాడు. గొర్రెలన్నీ ఆగి వెనక్కి తిరిగాయి. కొన్నవాడు కర్రెత్తి వాటిని బాదాడు.