తలుపు మూసిన కెప్టెన్

నేను పంచాయతీ కార్యదర్శిగా చేసిన ఊరు భద్రాచలం దాటాక గోదావరి ఒడ్డున ఉంటుంది. మాది ఆంధ్రా సరిహద్దులో ఉన్న మధిర. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను నోరు తెరవగానే "కోస్తా అమ్మాయివా?" అని అడిగేవాళ్లు. ఆ ఊళ్లో కిరాయికి దొరికిన గది ఒక్కటే. ఇంటావిడని అక్కా అని పిలిచేదాన్ని, ఆమె నన్ను చెల్లె అనేది. భర్త లారీ మీద తిరుగుతూ నెలకోసారి వచ్చేవాడు. ఇంట్లో ఆమె, ఇంటర్ చదివే కూతురు, ఆమె తండ్రి ఉండేవాళ్లు. ఆ ముసలాయన్ని నేనూ తాతా అనేదాన్ని.

ఆ తాతనే ఒక జూలైలో వరద నీళ్లలో వదిలేసి పడవ పోనిచ్చాను. ఆ సంగతి ఊరందరికీ తెలుసు. ఆయన ఎందుకు వెనకబడ్డాడో మాత్రం మా ఇద్దరికే తెలుసు.

అది జరిగిన ఏడాదిన్నరకి ఒక సీరీస్ మా ఇంట్లోకి వచ్చింది. పిల్ల ఫోన్ని టీవీకి కలిపింది. ఆదివారం నేను చర్చి నుంచి వచ్చి, అందరం అన్నాలు తిన్నాక, చాప పరుచుకుని కూర్చునేవాళ్లం. సముద్రం ఊళ్లని మింగేశాక మిగిలిన మనుషుల్ని ఎక్కించుకుని ఇంకో గ్రహానికి పోయే ఓడ కథ అది. ఓడకి కెప్టెన్ ఒక ఆడమనిషి. నలభై ఏళ్లుంటాయి. పొట్టి జుట్టు. నవ్వదు. తెలుగులో ఆమెకి చెప్పిన గొంతు కూడా బొంగురే.

అక్కకి మొదటిరోజే ఆమె నచ్చలేదు. "గంతమంది జనం ఉన్నరు ఓడల. ఒక్కల్నన్నా తిన్నవా అని అడిగిందా అది?"

"కెప్టెన్ అమ్మా ఆమె. వంటామె కాదు," అనేది పిల్ల.

తాతకి ఆమె నడక నచ్చింది. "వానల పొలం గట్టు మీద నడిచినట్టు చూసుకుంట నడుస్తది," అనేవాడు. నేను ఎటూ చెప్పేదాన్ని కాదు. ఆఫీసులో రోజంతా తీర్పులు చెప్పి వస్తాను కదా, ఇంట్లో ఎందుకులే అని తప్పించుకునేదాన్ని.

నాలుగో ఆదివారం ఓడ వెనక గదుల్లో మంటలు లేచాయి. ఒక మెకానిక్ లోపలే ఉండిపోయాడు. పరుగెత్తుకొస్తున్న బూట్ల చప్పుడు మాకు వినపడుతోంది. కెప్టెన్ చెయ్యి తలుపు మీట మీద ఉంది. చప్పుడు దగ్గరికి వస్తోంది, పొగ అంతకంటే ముందు వస్తోంది. ఆమె మీట లాగింది. అద్దంలో అతని ముఖం కనపడింది. ఆమె వెనక్కి తిరిగి వెళ్లిపోయింది.

నా చేతిలో పల్లికాయ ఒలిచింది ఒలిచినట్టే ఉంది.

"థూ," అంది అక్క. "ఆడది గిట్ల ఉంటదా? కండ్లల్ల ఒక్క చుక్క నీళ్లు రాలె."

"మగ కెప్టెన్ అయితే ఈలలు కొట్టేటోళ్లు," అని పిల్ల లేచింది. "మా కాలేజీల కూడా గిదే లొల్లి. ఏడ్వకపోతే మనసు లేదంటరు, ఏడిస్తే ఆడోళ్లకు ఓడ ఎందుకిచ్చిండ్రంటరు. ఎట్ల ఉండాలె మరి ఆమె?"

"నేను మూసుడు తప్పంటలేనే. మూసినంక ఆ పోవుడేంది, ఏం కానట్టు? అసలు వాడు లోపటికి ఎందుకు పోయిండు?"

"ఏమో. తనే పోయిండు కావచ్చు."

"అయితే వాని ఖర్మ. మీ తాత లెక్కనే. బర్రెల కోసం పోయిండు, అనుభవించిండు," అని అక్క నా వైపు చూసి నవ్వింది.

ఆ నవ్వు నన్ను ఊరడించడానికే. ఏడాదిన్నరగా ఎవరు ఆ వరద మాట ఎత్తినా ఆమె అదే చెప్పేది. నా మీద మాట పడకుండా తండ్రి మీద వేసుకునేది. తాత టీవీ వైపే చూస్తున్నాడు. ఎడమ కాలు చాపుకుని ఉన్నాడు. ఆ పాదానికి రెండు వేళ్లు లేవు.

ఇక కూర్చోలేకపోయాను.

"అక్కా, తాత బర్రెల కోసం పోలేదు. నేనే పంపాను," అన్నాను.

పిల్ల టీవీ ఆపేసింది.

జరిగింది జరిగినట్టు చెప్పాను. గోదావరికి మూడో ప్రమాద హెచ్చరిక వచ్చాక బడి మెట్ల దగ్గర పడవ పెట్టించి జనాన్ని దాటిస్తున్నాం. అక్కనీ పిల్లనీ ముందు పడవలోనే పంపేశాను. ఆఖరి పడవలో నెలలు నిండిన మనిషి ఉంది, చంటిపిల్లల తల్లులున్నారు, లేవలేని ముసలివాళ్లున్నారు. తాత అప్పటికే ఎక్కి కూర్చున్నాడు. "కాగితాలు తెచ్చుకున్నావా తాతా?" అని అడిగాను. ఇంట్లోనే ఉన్నాయన్నాడు. అంతకుముందు ఒకసారి నీళ్లొచ్చినప్పుడు, ఆధార్ కార్డులూ పాసుబుక్కులూ కొట్టుకుపోయినవాళ్ల కోసం నెలల తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగినదాన్ని. నా బుర్రలో అదే ఉంది. "జల్దీగా పోయి తెచ్చుకో, పది నిమిషాలు ఆగుతాం," అని ఆయన చెవి దగ్గర అన్నాను. వాన హోరులో ఇంకెవరికీ వినపడలేదు. ఆయన దిగి మోకాలి లోతు నీళ్లలో వెళ్లాడు.

నీళ్లు మెట్టు మీద మెట్టు ఎక్కాయి. ఎక్కడి నుంచో ఒక చెట్టు మొద్దు కొట్టుకొచ్చి పడవని గుద్దింది. నెలలు నిండిన మనిషి కెవ్వున అరిచింది. పడవాయన నా ముఖంలోకి చూసి, "మేడం, ఇప్పుడు కదలకపోతే అందరం పోతం," అన్నాడు. వాచీ చూసుకున్నాను. ఆరు నిమిషాలయింది. "పోనియ్," అన్నాను.

తాత బడి మీదకెక్కి రెండు రోజులు వానలో ఉన్నాడు. పాదానికి ఏదో కోసుకుని కుళ్లు పట్టింది. దవాఖానాలో వేళ్లు తీసేశారు. పునరావాస కేంద్రంలో ఎవరో "ముసలోడు బర్రెల కోసం పోయుంటడు" అన్నారు. నేను చేతిలో పేర్ల జాబితాతో అక్కడే నిలబడి ఉన్నాను. కాదని చెప్పలేదు. తర్వాత తాత కూడా చెప్పలేదు.

అంతా విని అక్క తండ్రి వైపు తిరిగింది. "నిజమేనా నాయనా?"

"అవ్."

"మరి చెప్పలేదేంది?"

"చెప్తే ఏం జేస్తవ్? ఇంట్ల నుంచి ఎల్లగొడ్తవ్. అప్పటికే ఊళ్లె సగం మంది ఈ సెక్రటరీ పిల్లను తిడుతుండ్రు."

అక్క నా దగ్గరికొచ్చి నిలబడింది. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది.

"పడవ పోనిచ్చినందుకు నేను నిన్ను ఒక్క మాటన్ననా?"

"లేదక్కా."

"అన్నోళ్లతోని కొట్లాడిన. మా నాయన కాలు కడుక్కుంట ఆయన్నే తిట్టిన. ముసలితనంల గీ ఆశేంది, బర్రెలు పోతే పోతయి గదా అని. ఎన్నిసార్లు తిట్టిన్నో! గవన్నీ ఇనుకుంట నువ్వు గీ ఇంట్లనే అన్నం తిన్నవ్."

నేను లేచి నిలబడ్డాను.

"లోపటికి పోండి మేడం," అంది. ఆ ఇంట్లో ఆమె నన్ను మేడం అనడం అదే మొదలు.

ఆ తర్వాత పది రోజులు ఆ ఇంట్లో ఎలా ఉన్నానో నాకే తెలుసు. బావి దగ్గర నేను వస్తుంటే ఆమె బిందె సగంలోనే ఎత్తుకునేది. కూర గిన్నెలు మారడం ఆగిపోయింది. గది ఖాళీ చెయ్యమని అనదు, ఉండమనీ అనదు. పిల్ల మాత్రం గడపలో నిలబడి, "చిన్నమ్మా, తలుపు మూసుడు వేరు, అబద్ధం వేరు. మా అమ్మ బాధ రెండోదానికే," అని గబగబా చెప్పి పోయింది. ఆ మాత్రం నాకూ అర్థమయింది. అర్థమైతే మాత్రం ఎదుటికి వెళ్లే ధైర్యం రావద్దూ?

ఒక సాయంత్రం తాత కర్ర పట్టుకుని వచ్చి నా గది ముందు కూర్చున్నాడు.

"నువ్వు పోంగ చూసిన," అన్నాడు. "కాగితాల సంచి నెత్తిన పెట్టుకుని అరిచిన. మోటరు చప్పుడుల నీకు ఇనరాలె. నాకు తెలిసిన తిట్లన్నీ తిట్టిన. మీ అమ్మను గూడ తిట్టిన."

"తిట్టాల్సిందే తాతా."

"ఇను. జరసేపటికి చూస్తే నీ పడవ ఆగిన మెట్టు లేదు. దాని పై మెట్టూ లేదు. అప్పుడు తిట్టుడు బందు పెట్టిన." కర్రతో నేల మీద గీత గీసి, "మొత్తం బందు పెట్టలేదనుకో. వేళ్లు తీసినప్పుడు మళ్ల తిట్టిన," అన్నాడు. "ఒక్కటి చెప్పు. వెనకకు చూసినవా?"

చూశానని చెప్పాలనిపించింది. ఒక అబద్ధంతోనే ఇంత దూరం వచ్చాం.

"చూడలేదు తాతా. చూస్తే ఆపమంటానని భయమేసింది."

ఆయన తలాడించాడు. క్షమించాడో లేదో నాకు తెలియదు. కర్ర ఊతంగా లేచి వెళ్లిపోయాడు.

ఆ వారంలోనే గ్రామసభ పెట్టాల్సి వచ్చింది. వానాకాలం ముందు పడవలు ఎక్కడ ఉంచాలి, ముసలివాళ్లని ముందే ఎలా తరలించాలి అన్నది విషయం. పంచాయతీ ఆఫీసు ముందు టెంటు కింద జనం కూర్చున్నారు. నేను మాట్లాడుతుంటే వెనక నుంచి ఒకాయన లేచాడు. "మేడం, మీరెంత చెప్పినా ఇనని ముసలోళ్లుంటరు. పోయినసారి బర్రెల కోసం పోలేదా ఒకాయన!" అందరూ నవ్వారు. తాత ముందు వరసలోనే ఉన్నాడు.

నేను నోరు తెరిచేలోగా ఆడవాళ్ల మధ్యలోంచి అక్క లేచింది.

"బర్రెల కోసం కాదు. కాగితాల కోసం పోయిండు. పోయి తెచ్చుకొమ్మని పంపింది ఈ మేడమే. పది నిమిషాలు ఆగుతనని ఆరు నిమిషాలకే పోయింది. మా నాయనను చూసి ఇంకెవ్వలు నవ్వొద్దు."

అందరి కళ్లూ నా మీదే.

"నిజమే," అన్నాను. "నేనే పంపాను. ఇన్నాళ్లూ చెప్పకపోవడం నా తప్పు."

అంతే, సభ రెండుగా చీలిపోయింది. గట్ల పంపొచ్చా అని కొందరు లేచారు. ఆమె ఆగితే మేమంతా ఎక్కడుండేటోళ్లం అని ఇంకొందరు. ఆ పడవలో నెలలు నిండిన కడుపుతో ఉన్నామె పిల్లని చంకనెత్తుకుని గట్టిగా ఏదో అంటోంది, గొడవలో వినపడలేదు. "మగ సెక్రటరీ అయితే నిలబడేటోడు," అని ఒక గొంతు. "నిలబడి అందర్నీ ముంచేటోడు," అని ఇంకో గొంతు. పడవలో ఎక్కినవాళ్లది ఒక మాట, ఒడ్డున తమవాళ్లే మిగిలిపోయి ఉంటే అని తలుచుకున్నవాళ్లది ఇంకో మాట. ఎవరినీ తప్పుపట్టలేకపోయాను. చివరికి ఒక్క సంగతి మాత్రం అందరూ ఒప్పుకున్నారు: రెండో హెచ్చరికకే ముసలివాళ్లు ఊరు దాటాలి. అది తీర్మానంగా రాశాను.

సభ అయ్యాక అక్కా నేనూ తాతని చెరో పక్క పట్టుకుని ఇంటికి నడిచాం. ఇంటి దగ్గర చెప్పులు విడుస్తూ, అక్క నా ముఖం చూడకుండానే అంది, "అందరి ముందల అన్నందుకు బాధపడ్డవా?"

"పడ్డాను. కానీ తేలికైంది."

"నాకు ఇంకా కాలే," అని లోపలికి వెళ్లిపోయింది. మేడం అనలేదు. చెల్లె అనీ అనలేదు.

వచ్చిన ఆదివారం పిల్ల సీరీస్ మళ్లీ పెట్టింది. నేను గడప దగ్గర కూర్చున్నాను. అక్క చాప మీదకి రాలేదు. వంటింట్లో చాట ముందేసుకుని బియ్యం చెరుగుతూ, కెప్టెన్ గొంతు వినపడినప్పుడల్లా చెయ్యి ఆపి వింటోంది.