అక్క కొన్న మైకు

మా పెద్దమ్మ కూతురికి చిన్నప్పుడే ఎడమ చెవి వినికిడి పోయింది. ఎవరితో నడిచినా వాళ్లను తన కుడిపక్కకు తెచ్చుకునేది. తనతో కంప్యూటర్ గేమ్‌ ఆడే జట్టుకు కూడా ఈ సంగతి చెప్పలేదు.

సాయంత్రం పోటీ ఉందనగా మార్కాపురంలో హెడ్‌ఫోన్ల దుకాణానికి పోయినాం. గేమ్‌లో శత్రువు అడుగుల చప్పుడు పెట్టి, "ఎటునుంచి అక్కా?" అన్నాను.

"ఇంకోసారి పెట్టు."

ఎన్ని హెడ్‌ఫోన్లు మార్చినా ఎడమవైపు చప్పుడు ఆమెకు అందలేదు. చివరికి మామూలు హెడ్‌ఫోన్లు, మంచి మైకు తీసుకునింది. దుకాణం కంప్యూటర్‌కే ఆ మైకు తగిలించి జట్టుకు కాల్ చేసింది.

"నాకు ఎడమ చెవి వినపడదు. ఎవరన్నా అటునుంచి వస్తే మీరే చెప్పాల."

అక్క పెదవి కొరుక్కునింది.

"ముందే చెప్పొద్దా అక్కా?" అన్నాడు స్పీకర్‌లో జట్టువాడొకడు. "ఎడమపక్క నేను చూసుకుంటా."